కనుమ మూసిందీ ఆయనే, తెరిచిందీ ఆయనే

రెండు చక్రాల చరిత్ర: 14వ భాగం

పోయిన భాగంలో ఫౌస్టో కోప్పిని స్టెల్వియో కనుమ మీద వదిలిపెట్టాం. 1953 జూన్ 1న అక్కడ అతను హ్యూగో కోబ్లేను వెనక్కి నెట్టి, తన అయిదో జిరో దితాలియాను సొంతం చేసుకున్నాడు. కనుమ ఎత్తు 2,758 మీటర్లు. ఒక్క ట్రఫోయ్ వైపే 48 హెయిర్‌పిన్ మలుపులు. 1820లలో ఆస్ట్రియా చక్రవర్తి కోసం కార్లో దోనెగాని అనే ఇంజినీరు వేసిన ఘాట్ రోడ్డు అది. ఆ తర్వాత జిరో దారి పటం అచ్చయిన ప్రతిసారీ ఇటలీ జనం మొదట వెతికేది స్టెల్వియో ఉందా లేదా అనే. 1965 నుంచి ఆ ఏటి దారిలో అన్నిటికన్నా ఎత్తయిన కనుమకు ‘చీమా కోప్పి’ అని పేరు పెట్టడం మొదలైంది. స్టెల్వియో దారిలో ఉన్న ఏడు ఆ గౌరవం ఇంకో కనుమకు దక్కదు.

దారిలో ఉండడం వేరు, ఆ రోజు దాని మీదుగా వెళ్లడం వేరు.

టూర్ డి ఫ్రాన్స్ జులైలో జరుగుతుంది కాబట్టి దానికి ఎండ బాధే ఎక్కువ. జిరో మేలో మొదలై జూన్‌కు అటూ ఇటూగా ముగుస్తుంది. ఆల్ప్స్‌లో అప్పటికి చలికాలం పూర్తిగా సెలవు తీసుకోదు. వెయ్యి మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సుమారు ఆరేడు డిగ్రీలు పడిపోతుంది. కింద బోర్మియో ఊళ్లో 8 డిగ్రీల చలిలో వాన పడుతోందంటే, పదిహేను వందల మీటర్ల పైనున్న కనుమ మీద మంచు కురుస్తున్నట్టే లెక్క. పోటీకి ముందు యంత్రాలతో రోడ్డు మీది మంచును ఎత్తి రెండు పక్కలా పోస్తారు. మనిషెత్తు గోడల మధ్య నల్లటి తారు రోడ్డు మిగులుతుంది. ఎండ కాస్తే ఆ పైనున్న వాలుల్లో మంచు కరిగి జారుతుంది, కాయకపోతే కొత్త మంచు పడుతుంది. ఎటు తిరిగినా చిక్కే.

సైకిల్ మీద మనిషికి అసలు ప్రమాదం ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. గంటన్నర సేపు ఎక్కినవాడి ఒళ్లు కొలిమిలా కాగుతూ ఉంటుంది, బట్టలు చెమటతో, వానతో తడిసి ముద్దయి ఉంటాయి. శిఖరం దాటగానే పెడల్ తొక్కే పని ఉండదు, ఒంట్లో వేడి పుట్టదు. గంటకు అరవై డెబ్భై కిలోమీటర్ల వేగంతో మంచుగాలి ఎదురుగా కొడుతుంది. ముందు వేళ్లు మొద్దుబారతాయి. బ్రేకు నొక్కేది ఆ వేళ్లే.

ఇదంతా తెలిసి కూడా పోటీ నడపాలా, ఆపాలా అన్నది ఇటలీలో చాలాకాలం ఒకే ఒక్క మనిషి చేతిలో ఉండేది. ఆయన పేరు విన్చెంజో తొర్రియాని. జిరోను నడిపే ‘లా గజెట్టా దెల్లో స్పోర్ట్’ పత్రిక తరఫున 1940ల చివరి నుంచి నాలుగు దశాబ్దాల పాటు ఆయన ఆ పోటీకి సర్వాధికారి. దారి గీసేది ఆయనే, ఏ ఊళ్లో మజిలీయో తేల్చేది ఆయనే, మజిలీ కోసం ఊరు ఎంత సొమ్ము కట్టాలో బేరమాడేదీ ఆయనే. వాతావరణం మీద తీర్పు కూడా సహజంగానే ఆయనదే.

ఆ తీర్పు ఎప్పుడూ ఒకేలా ఉండేది కాదు. 1956 జూన్ 8న మెరానో నుంచి ట్రెంటో పైనున్న మోంతె బొందోనె దాకా సాగిన మజిలీలో వాన మంచుగా మారింది. పోటీ ఆగలేదు. ఆ రోజు బయల్దేరినవాళ్లలో సుమారు సగం మంది దారిలోనే వదిలేశారు. గులాబీ జెర్సీ తొడుక్కుని అందరికన్నా ముందున్న పాస్క్వాలె ఫొర్నారా కూడా వాళ్లలో ఒకడు. పొద్దున పదహారు నిమిషాలకు పైగా వెనకబడి ఉన్న లగ్జెంబర్గ్ కుర్రాడు షార్లీ గాల్ ఒంటరిగా కొండెక్కి సాయంత్రానికి జిరోను గెలిచినంత పని చేశాడు. బిగుసుకుపోయిన అతని జెర్సీని ఒంటి మీద నుంచి కోసి తీయాల్సి వచ్చింది. విరిగిన కంటె ఎముకతోనే ఆ కొండెక్కిన ఫియొరెంజో మాన్యి చివరికి రెండో స్థానంలో నిలిచాడు. పత్రికలకు అంతకన్నా ఏం కావాలి? అప్పట్లో జిరోను రెండుసార్లు అమ్మేవాళ్లు: ఒకసారి రోడ్డు మీద, ఇంకోసారి మర్నాటి పత్రికలో. మంచు పడిన రోజు పత్రిక ఎక్కువ అమ్ముడుపోయేది.

1962లో బెల్లునో నుంచి మొయెనాకు వెళ్లాల్సిన మజిలీని మాత్రం మంచు ధాటికి మధ్యలో రోల్లె కనుమ మీదే ముగించారు. 1965లో స్టెల్వియో శిఖరానికి కాస్త కిందనే మంచు జారిపడి రోడ్డు మూసుకుపోయింది. గ్రాత్సియానో బత్తిస్తీని చివరి కాస్త దూరం సైకిల్ మోసుకుంటూ నడిచి గెలిచాడు. అంటే తొర్రియాని ఆపగలడు, కుదించగలడు, కళ్లు మూసుకుని నడిపించగలడు కూడా. ఎప్పుడు ఏది చేస్తాడన్నదే ఎవరికీ అంతుపట్టని సంగతి.

ఇక 1984.

ఆ ఏడు ఇటలీకి ఒక బెంగ ఉంది. పేరు ఫ్రాన్చెస్కో మోజర్. ప్రపంచ చాంపియన్ అయ్యాడు, పారిస్–రూబే పోటీని వరసగా మూడేళ్లు గెలిచాడు, ఆ జనవరిలోనే మెక్సికో సిటీలో గంటలో 51.151 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు కొట్టాడు. కానీ జిరో మాత్రం చేతికి రాలేదు. మనిషి పొడగరి, బరువైనవాడు. చదునైన దారిలో రైలింజనులా దూసుకుపోయేవాడికి కొండ ఎదురైతే ఆయాసమే. వయసు 33కు దగ్గరపడింది. ఆ ఏడు తొర్రియాని గీసిన దారిలో కొండలు తక్కువ, టైమ్ ట్రయల్స్ ఎక్కువ. టైమ్ ట్రయల్ అంటే ఒక్కొక్కరూ విడివిడిగా గడియారంతో పోటీ పడే మజిలీ, మోజర్‌కు వెన్నతో పెట్టిన విద్య. పటంలో అతన్ని భయపెట్టే పేరు ఒక్కటే కనిపించేది: స్టెల్వియో.

ఎదుటివాడు లొరాన్ ఫిన్యోన్. పారిస్ కుర్రాడు, 23 ఏళ్లు, గుండ్రటి కళ్లద్దాలు, బంగారు రంగు జుట్టు. అంతకు ముందు ఏడాదే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. కొండల్లో మోజర్ అతన్ని అందుకోలేడని ఇద్దరికీ తెలుసు.

పద్దెనిమిదో మజిలీ లెక్కో నుంచి మెరానోకు, స్టెల్వియో మీదుగా వెళ్లాలి. వెళ్లలేదు. కనుమ మీద మంచు ఉందని, జారిపడే ప్రమాదం ఉందని చెప్పి తొర్రియాని దారి మార్చాడు. తోనాలె, పాలాదె కనుమల మీదుగా పోటీ మెరానో చేరింది. అవి మోజర్ ఎక్కగలిగిన కనుమలు. రోడ్డు తెరిచే ఉందని, వెళ్లవచ్చని ఫ్రెంచి జట్టు నెత్తీ నోరూ బాదుకుంది. వినేవాడు లేడు. గులాబీ జెర్సీ మోజర్ ఒంటి మీదే ఉండిపోయింది.

రెండు రోజుల తర్వాత డోలమైట్ కొండల్లో ఫిన్యోన్ ఒక్కడే ముందుకు పోయి అరబ్బాలో గెలిచి ఆ జెర్సీ లాక్కున్నాడు. ఆధిక్యం 1 నిమిషం 21 సెకన్లు. చివరి రోజు సోవావె నుంచి వెరోనాకు 42 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. రికార్డు నాటి బిళ్ల చక్రాలతో మోజర్ గంటకు దాదాపు 51 కిలోమీటర్ల సగటు వేగంతో తొక్కి, ఫిన్యోన్ కన్నా 2 నిమిషాల 24 సెకన్లు తక్కువ సమయంలో వెరోనా రోమన్ రంగస్థలంలోకి దూసుకొచ్చాడు. జిరో అతనిదయింది, 1 నిమిషం 3 సెకన్ల తేడాతో. టీవీ హెలికాప్టర్ తనకు ఎదురుగాలి, మోజర్‌కు వెనకగాలి కొట్టేలా ఎగిరిందని ఫిన్యోన్ ఆరోపించాడు. ఈ మాట మీద ఇటలీ వాళ్లూ ఫ్రెంచి వాళ్లూ ఇప్పటికీ తగువులాడుకుంటారు.

హెలికాప్టర్ సంగతి నాకంత ముఖ్యంగా తోచదు. 42 కిలోమీటర్లలో రెండున్నర నిమిషాలు గాలితో మాత్రమే వచ్చేవి కావు, మోజర్ ఆ రోజు నిజంగానే గొప్పగా తొక్కాడు. స్టెల్వియో మాట వేరు. మామూలుగా ఆ కనుమ మీద ఇలాంటి ఇద్దరి మధ్య తేలేది సెకన్లు కాదు, నిమిషాలు. దాన్ని తీసేయడానికి తొర్రియానికి కారణం ఉందా లేదా అన్నదానికన్నా, ఆ కారణాన్ని తూచే తక్కెడ కూడా ఆయన చేతిలోనే ఉండడం అసలు గొడవ. ఆయన నిజమే చెప్పి ఉండవచ్చు. అయినా ఎవరూ నమ్మలేదు.

నాలుగేళ్లు గడిచాయి. 1988లో తొర్రియాని ఇంకో కనుమను పటంలోకి తెచ్చాడు. దాని పేరు గావియా, ఎత్తు 2,621 మీటర్లు. 1960లో ఒక్కసారి జిరో దాని మీదుగా వెళ్లింది. మళ్లీ ఇరవై ఎనిమిదేళ్లు ఎవరూ అటు పోలేదు. సన్నటి దారి, పై భాగంలో తారు కూడా లేని మట్టిరోడ్డు, అక్కడక్కడా 16 శాతం వాలు. జూన్ 5న కియేసా ఇన్ వాల్మలెంకో నుంచి బోర్మియోకు 120 కిలోమీటర్ల మజిలీ. పొద్దున లోయలో చల్లటి వాన. పైన మంచు.

ఈసారి ఆయన ఆపలేదు. రోడ్డు శుభ్రం చేశారు, వెళ్లవచ్చు అన్నాడు. 1984 నాటి మాటలు ఆయన చెవుల్లో ఇంకా మోగుతున్నాయని నా అనుమానం. కొండను తీసేసినందుకు దేశమంతా అనుమానించిన మనిషి, మళ్లీ కొండను తీసేయడానికి జంకడా?

అమెరికా నుంచి వచ్చిన సెవెన్-ఇలెవెన్ జట్టును అప్పట్లో ఇటలీ వాళ్లు అంతగా లెక్కచేసేవాళ్లు కాదు. ఆ రోజు పొద్దున ఆ జట్టు మేనేజర్లు స్కీ సామాన్ల కొట్టుకు వెళ్లి దొరికిన ఉన్ని టోపీలు, దళసరి చేతి తొడుగులు కొనుక్కొచ్చారు. థర్మాస్ ఫ్లాస్కుల్లో వేడి టీ పోసి కనుమ మీద పంచడానికి మనుషుల్ని పెట్టారు. ఐరోపా జట్లలో చాలామంది మామూలు వాన కోట్లతోనే బయల్దేరారు. ఆటలో అనుభవం ఉన్నవాళ్ల ధీమా అది.

కొండ మొదట్లోనే డచ్ రైడర్ యోహాన్ వాన్ డెర్ వెల్డె పొట్టి చేతుల జెర్సీతో ముందుకు దూకాడు. మలుపులు తిరిగేకొద్దీ వాన మంచయింది, రోడ్డు బురదయింది. అతనే అందరికన్నా ముందు శిఖరం దాటాడు. దాటాక దిగుడులో కొంచెం దూరం పోయేసరికి ఒళ్లు పట్టుతప్పింది. దారి పక్కన కనిపించిన ఒక వాహనంలోకి ఎక్కి వణుకు తగ్గేదాకా కూర్చున్నాడు. ముప్పావుగంటకు పైగా ఆలస్యంగా బోర్మియో చేరాడు. మిగతావాళ్ల గతి అంతకన్నా మెరుగేం కాదు. ఆగి ఏడ్చినవాళ్లున్నారు, వేళ్లకు స్పర్శ తెచ్చుకోవడానికి వాటి మీద మూత్రం పోసుకున్నవాళ్లున్నారు, కొంత దూరం కార్లలో దిగినవాళ్లున్నారని కూడా చెబుతారు. న్యాయనిర్ణేతలు ఆ సాయంత్రం చాలా విషయాలు చూడనట్టే ఊరుకున్నారు.

ఆండీ హాంప్‌స్టెన్ రెండోవాడిగా శిఖరం దాటాడు. పైన టోపీ, వాన కోటు తొడుక్కోవడానికి పట్టిన సమయం అతనికి దిగుడులో పనికొచ్చింది. బోర్మియో ఇంకా ఏడు కిలోమీటర్లు ఉందనగా మరో డచ్ రైడర్ ఎరిక్ బ్రూకింక్ అతన్ని దాటిపోయి, ఏడు సెకన్ల తేడాతో మజిలీ గెలిచాడు. గులాబీ జెర్సీ మాత్రం ఫ్రాంకో కియొచ్చోలి ఒంటి మీద నుంచి హాంప్‌స్టెన్‌కు మారింది. వారం తర్వాత జిరో అతనిదే. అమెరికా వాడు జిరో గెలవడం అదే మొదలు.

మర్నాడు స్టెల్వియో ఎక్కాలి. ఎక్కలేదు. కనుమను వదిలేసి, అవతలి వైపు స్పొందీన్యా నుంచి కుదించిన మజిలీ మొదలుపెట్టారు. మొన్నటిదాకా మంచు సాకుగా కనిపించినవాళ్లకు ఈసారి నోరు పెగల్లేదు.

ఇక్కడ చరిత్ర ఒక చిత్రమైన లెక్క సరిచేసింది. ఏడాది తిరిగేసరికి, 1989 జూన్‌లో జిరో మళ్లీ గావియా ఎక్కాలి. పదహారో మజిలీ, ట్రెంటో నుంచి సాంతా కతెరీనాకు. మళ్లీ మంచు. తొర్రియాని ఈసారి మజిలీని పూర్తిగా రద్దు చేశాడు. అప్పుడు గులాబీ జెర్సీ ఎవరి ఒంటి మీద ఉంది? లొరాన్ ఫిన్యోన్ ఒంటి మీద. భుజం నొప్పితో, చలికి ముడుచుకుపోతూ అతను ఆ జెర్సీని కాపాడుకుంటున్నాడు. మూడో స్థానంలో ఎవరు? ఏడాది కిందట గావియా మీద గులాబీ జెర్సీ అందుకున్న హాంప్‌స్టెన్. ఆ కొండ పడకపోవడంతో ఫిన్యోన్ ఊపిరి పీల్చుకున్నాడు, ఆ జిరోను ఫ్లావియో జుప్పోని కన్నా 1 నిమిషం 15 సెకన్లు ముందు నిలిచి గెలిచాడు. 1984లో కొండ తీసేసినందుకు తొర్రియానిని తిట్టిపోసినవాడికి, కొండ తీసేయడం వల్లే 1989లో మేలు జరిగింది. ఆ సంతోషం ఎన్నాళ్లు నిలిచిందో పాఠకులకు తెలుసు. ఆరు వారాల తర్వాత పారిస్‌లో గ్రెగ్ లెమాండ్ చేతిలో ఎనిమిది సెకన్ల తేడాతో అతను టూర్‌ను పోగొట్టుకున్న కథ పదకొండో భాగంలో చెప్పుకున్నాం.

ఈ మూడు ఘటనల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేలుతుంది. కొండ మీద పోటీని మారిస్తే ఎవరికీ లాభం, ఎవరికీ నష్టం లేకుండా మార్చడం కుదరదు. ఆపితే కొండెక్కేవాడు నష్టపోతాడు. ఆపకపోతే బక్కవాడు, తడిబట్టలవాడు, జెర్సీ తప్ప ఇంకేమీ తెచ్చుకోనివాడు నష్టపోతాడు.

టూర్‌కు కూడా ఇది తప్పలేదు. 1996 జులై 8న వాల్ దిజేర్ నుంచి సెస్త్రియేర్‌కు 190 కిలోమీటర్ల మజిలీ. ఇజెరాన్, గలిబియే కనుమల మీద మంచు, ఈదురుగాలి. రెండింటినీ తీసేస్తే మిగిలింది 46 కిలోమీటర్లు. ఆ ముక్కలోనే డెన్మార్క్ రైడర్ బ్యార్న రీస్ దూసుకుపోయి, టూర్‌లో అందరికన్నా ముందున్నవాడు తొడుక్కునే పసుపు జెర్సీ తొడుక్కున్నాడు. అయిదేళ్లుగా టూర్‌ను ఏలిన మిగెల్ ఇందురాయిన్ రాజ్యం ఆ ఏటితో ముగిసింది. రీస్ ఒంట్లో నిషిద్ధమైన ఈపీవో మందు ఉందని అతనే 2007లో ఒప్పుకున్నాడు కాబట్టి, ఆ రోజు ఎవరికి నిజంగా అన్యాయం జరిగిందో లెక్కగట్టడం నా తరం కాదు.

తొర్రియాని కాలం పోయాక ఆ అధికారం ఎవరి చేతికీ సరిగ్గా చిక్కలేదు. 2013లో గావియా, స్టెల్వియో రెండూ ఉన్న మజిలీ మంచుతో పూర్తిగా రద్దయింది. 2014 మే 27న అదే మజిలీ మళ్లీ పెట్టారు, మళ్లీ మంచు పడింది, ఈసారి నడిపారు. స్టెల్వియో దిగుడులో ముందు మోటారు సైకిళ్లు ఉంటాయి, వాటిని దాటొద్దు అని జట్ల రేడియోల్లో ఒక కబురు వచ్చింది. కొందరు దాన్ని, దిగుడులో పోటీ లేదు అని అర్థం చేసుకుని ఆగి బట్టలు మార్చుకున్నారు. కొందరు ఆగలేదు. కొలంబియాకు చెందిన నైరో కింతానా ఆగనివాళ్లలో ఒకడు. సాయంత్రానికి గులాబీ జెర్సీ తన దేశస్థుడే అయిన రిగొబెర్తో ఊరాన్ నుంచి నాలుగు నిమిషాలకు పైగా తేడాతో అతనికి మారింది. తొర్రియాని నిరంకుశుడే కావచ్చు, కానీ ఆయన మాటకు ఇన్ని అర్థాలు ఉండేవి కావు.

ఈ రభస తర్వాత, 2016 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒక నియమావళి తెచ్చింది. గడ్డకట్టే వాన, రోడ్డు మీద పేరుకున్న మంచు, పెనుగాలి, విపరీతమైన వేడి లేదా చలి, దారి కనిపించకపోవడం, గాలి కాలుష్యం: వీటిలో ఏది ఎదురైనా నిర్వాహకులు, రైడర్ల ప్రతినిధి, జట్ల ప్రతినిధి, వైద్యుడు, న్యాయనిర్ణేతల పెద్ద కూర్చుని మాట్లాడాలి. మొదలయ్యే చోటు మార్చవచ్చు, ముగిసే చోటు మార్చవచ్చు, కొంత దూరం పోటీ లేకుండా నడిపించవచ్చు, రద్దు చేయవచ్చు. కాగితం మీద అంతా సవ్యంగా ఉంది.

ఆ ఏడు జులై 14న దాని లోటు కూడా బయటపడింది. టూర్ ఆ రోజు 1,909 మీటర్ల మోఁ వాంతూ శిఖరం మీద ముగియాలి. పైన గంటకు వంద కిలోమీటర్లు మించిన గాలి. ముందురోజే మేల్కొని, ఆరు కిలోమీటర్ల కింద షాలే రెనార్ దగ్గర ముగింపు పెట్టారు. మంచి నిర్ణయమే. కానీ అది ఫ్రాన్స్ జాతీయ దినం, సెలవు. శిఖరం దాకా పరుచుకోవాల్సిన జనమంతా కింది దారిలోకి కుక్కుకుపోయారు. ఇనుప కంచెలు కూడా అనుకున్నంత మేర వేయలేకపోయారు. జనంలో చిక్కి ఒక టీవీ మోటారు సైకిల్ ఆగిపోయింది. వెనకే వస్తున్న రిచీ పోర్ట్, బౌకె మొలెమా, పసుపు జెర్సీలోని క్రిస్ ఫ్రూమ్ దాన్ని ఢీకొట్టారు. ఫ్రూమ్ సైకిల్ విరిగింది. అతను సైకిల్ బూట్లతోనే కొండ మీదికి పరుగెత్తడం మొదలుపెట్టాడు. తర్వాత న్యాయనిర్ణేతలు కూర్చుని అతనికి, పోర్ట్‌కు మొలెమా సమయమే ఇచ్చారు కాబట్టి జెర్సీ నిలిచింది. గాలి నుంచి రైడర్లను కాపాడిన నిర్ణయమే వాళ్లను జనం మీదికి తోసింది. ఆ నియమావళిలో గాలి ఉంది, జనం లేదు.

మూడేళ్ల తర్వాత, 2019 జులై 26న తీర్పు చెప్పడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. ఇజెరాన్ కనుమ దాటి ఈగన్ బెర్నాల్ దిగుతుండగా కింద వడగళ్లు పడి, బురద జారి రోడ్డు మూసుకుపోయింది. పోటీ ఆపేసి, కనుమ మీది సమయాలనే లెక్కలోకి తీసుకున్నారు. మజిలీకి విజేత లేడు. పసుపు జెర్సీ జూలియన్ అలాఫిలిప్ నుంచి బెర్నాల్‌కు మారింది. మర్నాటి మజిలీ కూడా కొండచరియలు పడి 130 కిలోమీటర్ల నుంచి 59కి కుదించుకుపోయింది. బెర్నాల్ టూర్ గెలిచిన మొదటి కొలంబియా వాడయ్యాడు. దిగుడులో అలాఫిలిప్ అతన్ని మళ్లీ అందుకునేవాడా? బాగా దిగగలడు నిజమే, కానీ కింద ఇంకో కొండ, తీన్య్, మిగిలే ఉంది. నా మటుకు, జరిగేది జరిగే ఉండేది.

ఇప్పుడు తక్కెడ మరోవైపు ఒరిగింది. 2023 జిరోలో క్రాన్-మొంటానా మజిలీని రైడర్ల ఒత్తిడితో 199 కిలోమీటర్ల నుంచి 75కు కుదించారు. తీరా అక్కడికి వెళితే రోడ్డు పొడిగానే ఉంది, చూసేవాళ్లు నవ్వుకున్నారు. 2024 మే 21న లివీన్యో నుంచి మళ్లీ స్టెల్వియో ఎక్కాలి. మంచు జారే ప్రమాదంతో ముందు దాన్ని తీసి పక్కనున్న ఉంబ్రాయిల్ కనుమ పెట్టారు. పొద్దునకల్లా అదీ పోయింది. చలివానలో బయల్దేరబోమని రైడర్లు తెగేసి చెప్పారు, వాళ్ల సంఘం అధ్యక్షుడు ఆడమ్ హాన్సెన్ వెనక నిలబడ్డాడు, జిరో డైరెక్టర్ మౌరో వెన్యి మండిపడ్డాడు. చివరికి కనుమల అవతల లాజా నుంచి 118 కిలోమీటర్లు తొక్కారు. తదేయ్ పొగాచార్ గెలిచాడు. ఏ దారిన వెళ్లినా ఆ ఏడు అతనే గెలిచేవాడు కాబట్టి ఎవరూ కోర్టుకెక్కలేదు. ఫిన్యోన్, మోజర్ లాంటి ఇద్దరు ఒక నిమిషం తేడాతో ఉన్న ఏట ఇది జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

చలి కథ ఇంతటితో సరి. వాంతూ కొండ మీద ఫ్రూమ్ పరుగెత్తడానికి నలభై తొమ్మిదేళ్ల ముందు, 1967 జులై 13న అదే కొండ మీద మండుటెండలో టామ్ సింప్సన్ అనే ఇంగ్లిష్ రైడర్ సైకిల్ మీద నుంచి పడి ప్రాణాలు విడిచాడు. ఆ ఎండ గురించి, అతని జెర్సీ జేబుల్లో దొరికిన మాత్రల గురించి వచ్చే భాగంలో.